నేపియర్‌లో లంకచుట్ట

లేబర్ వీకెండుకి ఎక్కడికి వెళ్ళినా వచ్చి రాసివ్వాలని సంపాదకులవారు నెల్లాళ్ళ ముందే మా దగ్గర మాట పుచ్చుకున్నారు. డాక్టరు రాత మందులషాపువాడికి తప్ప ఇంకెవరికీ బోధపడదని తెలిసీ అడిగారంటే వారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వెళ్ళింది నేపియర్. ఊరి గురించి రాద్దామని కూచుంటే ఊరికంటె మా మామగారే ముందు కలం కిందికి వచ్చి నిలబడుతున్నారు. అంచేత ఆయనతోనే మొదలుపెడతాం. చదువరులు మన్నించాలి.

మా మామగారిది కోనసీమ. గౌతమి పాయలో ఒక లంక మీద పొగాకు పండించిన చెయ్యి. గోదావరి వరద తీసి, ఇసకా ఒండ్రూ కలిసిన నేల బయటపడ్డాక నాటి, ఎండలు ముదిరేలోగా కోసే పొగాకు అది. దాన్ని చుట్టగా చుట్టి, ఒక కొస కొరికి, రెండో కొస వెలిగించి, ఆయన ఒక కథ మొదలుపెడతారు. చుట్ట ఎంతసేపు ఉంటే కథ అంతసేపు. ప్రపంచచరిత్రలో మహానుభావుడన్న వాడెవడూ లంకచుట్ట ముట్టకుండా మహానుభావుడు కాలేదని ఆయన సిద్ధాంతం. సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి, అన్నీ ఆయన దగ్గరే పుట్టినవి.

అక్టోబరు మొదట్లో ఆయన అత్తగారితో సహా ఆక్లండ్‌లో దిగారు. పెట్టెలో ఆవకాయ, అప్పడాలు, మా అమ్మాయికి పట్టు పరికిణీ, అడుగున తాటాకు బుట్టలో రెండు కట్టల చుట్టలు. మా శ్రీమతి ముందే ఫోనులో నేర్పి ఉంచింది గనక అన్నీ కాయితం మీద రాసి చూపించారు. ఈ దేశంలోకి మనిషికి 50 గ్రాముల పొగాకు మాత్రమే పన్ను లేకుండా రానిస్తారు. 2014 నవంబరు నించి ఇదే లెక్క. సుంకం కట్టి మిగతాదీ తెచ్చుకోవచ్చన్నారట గాని, ఆ సుంకంతో లంకలో అరెకరం కౌలుకి వస్తుందని మామగారు వద్దనుకున్నారు. తూకంలో తొమ్మిది చుట్టలు తూగాయి. "ఇవి మామూలు చుట్టలు కావండి, చర్చిల్ దొరగారు కాల్చిన రకం" అని ఆ అధికారికి ఇంగ్లీషులో చెప్పారట. ఆయన హాయిగా నవ్వాడట. త్రాసు మాత్రం నవ్వలేదు.

ఇక్కడ దుకాణంలో సిగరెట్టు పెట్టె ఒకటి 40 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ ధర రూపాయల్లోకి మార్చి చెప్పగానే మామగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తొమ్మిది చుట్టలతో మూడు నెలలు గడపాలి. ఈ తొమ్మిది అంకెను చదువరులు గుర్తుంచుకోవాలి, దీనితో తరవాత పని ఉంది.

వెల్లింగ్టన్ నించి నేపియర్ సుమారు 320 కిలోమీటర్లు. రెముటాకా కొండ ఎక్కి దిగి, మాస్టర్టన్ దాటి, నార్వే డెన్మార్కుల వాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న నార్స్‌వుడ్, డానివర్క్ ఊళ్ళ మీదుగా వెళ్ళాలి. దారి పొడుగునా గొర్రెలు. మొదటి గంట మా అమ్మాయి వాటిని లెక్కపెట్టింది. రెండో గంట నించి తాతయ్య కథలు.

"డాక్టరుగారూ, కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట ఎలా కట్టారో తెలుసాండి?" అన్నారు ముందుసీటులోంచి. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారని మాకు తెలిసింది చెప్పాం. "అది పుస్తకంలోదండి. అసలు సంగతి వినండి. దొరగారికి ఏటి వెడల్పు అంతు చిక్కలేదు. గొలుసు వేస్తే ప్రవాహం లాగేసేది. అప్పుడు మా ముత్తాతగారు పడవ ఎక్కి, చుట్ట వెలిగించి, అవతలి గట్టు చేరేసరికి ఎన్ని చుట్టలయ్యాయో చెప్పారండి. దొరగారు ఆ లెక్క మీదే పునాది వేశారు. ఇప్పటికీ లండన్‌లో ఆ కాయితం ఉంది, దాని మీద మైళ్ళు లేవు, అన్నీ చుట్టలే." వెనకసీట్లోంచి అత్తగారు, "ఆ ముత్తాతగారు చుట్టే కాల్చేవారు కారు, నశ్యం" అన్నారు. మామగారు వినిపించుకోలేదు.

చర్చిల్ కథ ఇంకా పెద్దది. ఈ కథలో నిజం పాలు కొంత ఉంది గనక ముందు దాన్ని వేరుచేసి పెడతాం. విన్‌స్టన్ చర్చిల్ 1896లో కుర్ర సైనికాధికారిగా బెంగుళూరు వచ్చి కొన్నాళ్ళున్నాడు. అంతవరకు నిజం. తిరుచినాపల్లి వాళ్ళు ఆయన కాల్చింది తమ ఊరి చుట్టే అంటారు. మామగారు ఆ ఖ్యాతిని ఉత్తరానికి లాక్కొచ్చి అమలాపురంలో దింపారు. ఆయన కథ ప్రకారం చర్చిల్ వంటవాడు అమలాపురం మనిషి. ఒకనాడు దొర బూట్లు తుడుస్తూ చుట్ట ముట్టించాడు. దొర అడిగి ఒక దమ్ము లాగాడు, లాగి మూడు రోజులు దగ్గాడు. ఆ దగ్గులోంచే ఆయనకు సింహంలాంటి ఆ గొంతు వచ్చింది. "మరి యుద్ధంలో రెండు వేళ్ళు చూపించేవారు గదండీ, అందరూ అది విజయం గుర్తనుకున్నారు. అది కాదండి. వంటవాణ్ణి రెండు చుట్టలు పట్రమ్మని సైగండి. వాడికి ఇంగ్లీషు రాదు గదా!"

కారు పక్కకి ఆపి నవ్వవలసి వచ్చింది. నవ్వు తగ్గాక, చర్చిల్‌కి చుట్ట అలవాటైంది బెంగుళూరులో కాదనీ, అంతకు ముందు ఏడాది 1895లో క్యూబా వెళ్ళినప్పుడనీ మేము మనవి చేశాం. "క్యూబా కూడా లంకే గదండీ, చుట్టూ నీళ్ళేగా" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

తెలుగువాడికి ఈ విద్య కొత్త కాదు. ఇంద్రుడు బ్రహ్మ దగ్గరికి వెళ్ళి భూలోకంలో సారమైన వస్తువేదని అడిగితే, ఆయన నాలుగు ముఖాలతోనూ నాలుగుసార్లు పొగాకే అన్నాడని ఒక సంస్కృత చాటువు ఉంది. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చుట్ట మాహాత్మ్యం బోధిస్తూ, గరుత్మంతుడు తెచ్చిన అమృతంలోంచి జారిన చుక్కే పొగాకు మొక్క అయిందన్న పద్యం ఎత్తుకుంటాడు. తాగనివాడికి మరుజన్మలో ఏ జంతువు ఎత్తు ప్రాప్తిస్తుందో తెలుగు చదువుకున్నవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. బ్రహ్మదేవుడికి పొగాకు తెలిసే అవకాశం మాత్రం తక్కువ. ఆ మొక్క అమెరికా నించి పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. 1600 దాటిన తొలి ఏళ్ళలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బిజాపూరు నించి తెచ్చి అక్బరు పాదుషాకి ఇస్తే, ఆయన రెండు దమ్ములు లాగేసరికి ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు. వైద్యుడి మాట పాదుషా విన్నాడు గాని దర్బారు వినలేదు. ఊళ్ళో అందరూ మొదలుపెట్టారు. 1617లో జహంగీరు నిషేధించినా లాభం లేకపోయింది. నాలుగు వందల ఏళ్ళుగా మా వృత్తివాళ్ళ పరువు ఇలాగే ఉంది.

ఇన్ని కల్పనల మధ్య ఒక నిజం మేమే మామగారికి కానుకగా ఇచ్చాం. షెర్లాక్ హోమ్స్ కథల్లో రెండోది, 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'. అందులో హోమ్స్ తాను పొగాకు నుసి మీద రాసిన గ్రంథం గురించి చెబుతూ, హంతకుడు కాల్చింది ఇండియా 'లుంకా' అని తెలిస్తే వెతకవలసిన పరిధి ఎంతో తగ్గిపోతుందంటాడు. ఆ లుంకా ఏమిటనుకున్నారు? మన లంకే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాటకి గోదావరి లంకల్లో పండే పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని అర్థం రాసి ఉంది. బేకర్ స్ట్రీటులో మా మామగారి పొలం ప్రసక్తి వచ్చిందన్నమాట. ఇది విని ఆయన మొహం వెలిగిపోతుందనుకున్నాం. ఆయన నిరుత్సాహంగా, "నిజంగానే ఉందాండి? అయితే ఇంక చెప్పడానికేముంది" అన్నారు.

నేపియర్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మోటెల్‌లో పొగ తాగకూడదని గది తలుపు మీద, అద్దం మీద, మంచం పక్కన రాసి ఉంది. మామగారు మూడూ చదివి, మొత్తం మీద బాత్‌రూములో రాయలేదని గమనించారు. మా శ్రీమతి వెంటనే ఆయన్ని బయటికి తీసుకొచ్చింది.

ఈ ఊరు ఒకసారి పూర్తిగా పోయి మళ్ళీ పుట్టింది. 1931 ఫిబ్రవరి 3 ఉదయం 10 గంటల 47 నిమిషాలకి 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ ప్రాంతంలో 256 మంది చనిపోయారు. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్న నర్సుల మీద వాళ్ళ వసతిగృహం కూలిపోయింది. ఆ సంగతి ఫలకం మీద చదువుతూ, రాత్రి డ్యూటీలు చేసే మేము కాసేపు మాట్లాడలేకపోయాం. భూకంపం మిగిల్చినవాటిని నిప్పు తీసుకుపోయింది. ఆ నిప్పు మొదట అంటుకున్నది మందులషాపుల్లో. నీళ్ళ గొట్టాలు పగిలిపోయి ఆర్పడానికి నీళ్ళు లేవు. ఆ తరవాత రెండేళ్ళలో ఊరంతా అప్పటి ఫాషను ప్రకారం ఒకే తీరున కట్టేశారు. వీధిలో నడుస్తుంటే పాత సినిమా సెట్టింగులోకి వచ్చినట్టుంటుంది. ప్రతి మేడకీ మెట్లు మెట్లుగా గీతలు, సూర్యకిరణాలు, పిప్పరమెంటు రంగులు. దీన్ని ఆర్ట్ డెకో అంటారు. చూడ్డానికి లోకం నలుమూలల నించీ జనం వస్తారు.

మామగారికి నచ్చింది అది కాదు. ఆ భూకంపంలో ఊరి పక్కన అహురీరి అనే ఉప్పుకయ్య అడుగు సుమారు రెండు మీటర్లు పైకి లేచి, వేల ఎకరాల నేల నీళ్ళలోంచి బయటికొచ్చింది. ఇప్పుడక్కడ విమానాశ్రయం, గొర్రెల మేతపొలాలు ఉన్నాయి. ఇది వినగానే ఆయన ఆగిపోయి, కాలితో నేల తట్టి, "అయితే ఇది లంక భూమేనండి" అన్నారు.

తమాషా ఏమిటంటే ఆ లంకలో పొగాకు కంపెనీ ఉంది. ఉంది అంటే భవనం ఉంది. గెర్హార్డ్ హుషేర్ అనే జర్మను దేశస్థుడు నేషనల్ టొబాకో కంపెనీ పెట్టి, 1933లో లూయీ హే అనే శిల్పితో అహురీరిలో దీన్ని కట్టించాడు. నలుచదరం గోడలో పెద్ద కమాను, దాని కింద చెక్కడపు తలుపులు, చుట్టూ గులాబీలు, ద్రాక్షతీగలు, మన జమ్ముగడ్డి లాంటి గడ్డిపోచలు. పొగాకు కొట్టుకి ఇంత అందమైన గుమ్మం మేము ఎక్కడా చూడలేదు. మామగారు చెప్పులు విడిచారు. ఎందుకండీ అంటే, "అలవాటండి, గుడి అనుకున్నాను" అన్నారు. తరవాత కమాను కింద నిలబడి పొగాకు ఆకు కోసం వెతకడం మొదలుపెట్టారు. గులాబీలున్నాయి, ద్రాక్ష ఉంది, ఆ ఇంటికి అన్నం పెట్టిన ఆకేదీ అని ఆయన బాధ. ఈ దేశంలో పొగాకు పండింది ముఖ్యంగా నెల్సన్ దగ్గర మోటువేకాలో. అక్కడా 1995తో పంట ఆగిపోయింది. ఆ చెప్పేసరికి ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

పొగాకుకీ ఈ దేశ చరిత్రకీ మొదటి ముడి ఇంకా పాతది. 1840లో వైటాంగిలో మావోరీ పెద్దలు ఒప్పందం మీద సంతకాలు చేశాక, మనిషికి రెండు దుప్పట్లూ కాస్త పొగాకూ ఇచ్చి పంపారు. ఇది రాసిపెట్టినవాడు విలియం కొలెన్సో, ఆ ఒప్పందం మావోరీ ప్రతిని అచ్చువేసిన మిషనరీ. ఆయన తరవాత ఈ నేపియర్‌లోనే ఉండి 1899లో ఇక్కడే పోయాడు. దేశం ఇచ్చి పొగాకు పుచ్చుకున్న కథ మామగారికి చెబితే, ఆయన దీని మీద కథ అల్లలేదు. "మా లంకల్లో కూడా దొరలు అలాగే కొన్నారండి" అని మాత్రం అన్నారు.

రెండో రోజు ఉదయం సముద్రపు ఒడ్డు. మెరీన్ పరేడ్ అంటారు. ఒక పక్క బారులు తీరిన నార్ఫోక్ పైన్ చెట్లు, ఇంకో పక్క గులకరాళ్ళ తీరం. ఇసక లేదు, అన్నీ నల్లటి గుండ్రటి రాళ్ళు. అల వెనక్కి వెళ్ళినప్పుడు ఆ రాళ్ళన్నీ దొర్లి బియ్యం చెరిగినట్టు చప్పుడు చేస్తాయి. ఎదురుగా మేసోనిక్ హోటలు. ఇప్పుడున్న కట్టడం 1932 నాటిది. ఇదే పేరుగల పాత హోటల్లో 1895 నవంబరు 29న మార్క్ ట్వేన్ మంచం మీద పడుకుని స్నేహితుడికి జాబు రాశాడు. అప్పులు తీర్చడానికి భూగోళం చుట్టూ ఉపన్యాసాలిస్తూ తిరుగుతున్న మనిషి. మర్నాటికి 60 ఏళ్ళు నిండుతాయి. ఒంటి మీద మూడో కార్బంకుల్, అంటే రాచకురుపు. గోల లేని చోట పడ్డాను, గుమ్మంలో సముద్రం ఉంది, అదృష్టమే అనుకున్నాడు. ఇక్కణ్ణించి వెళ్ళి, తరవాతి ఏడాది మొదట్లో మన దేశంలో దిగాడు.

ట్వేన్ చుట్టకాల్పరి. చవకరకం మీదే మక్కువ. ఆయన ఇంట్లో విందుకి వచ్చినవాళ్ళు ఆ చుట్టలకి భయపడి సొంతవి తెచ్చుకునేవారట. ఒకసారి బాగా డబ్బున్న స్నేహితుడి ఖరీదైన చుట్టలు కొన్ని సంపాదించి, వాటికున్న ఎర్రబంగారు కాయితాలు పీకేసి, తన చవకరకం పెట్టెలో సర్ది అతిథులకు పంచాడు. అందరూ ఓర్చుకుని రెండు దమ్ములు లాగి, ఏదో వంక పెట్టి లేచిపోయారు. తెల్లారి చూస్తే గుమ్మానికీ గేటుకీ మధ్య దారంతా చుట్టలే. ఒక్కటి మాత్రం కంచంలో ఉంది. అది ఆ చుట్టల అసలు యజమాని వదిలినది! ఇది ట్వేన్ స్వయంగా రాసుకున్నది. ఆయన రాసుకున్నది గనక ఎంత నిజమో మామగారి కథలకు వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది.

మామగారు ఈ కథని తలాడిస్తూ విన్నారు, వృత్తివాళ్ళు తోటి వృత్తివాణ్ణి విన్నట్టు. విని, "ఆ కురుపు ఎలా తగ్గిందో రాయలేదాండి?" అన్నారు. లేదన్నాం. "ఎలా రాస్తారండి, లంకచుట్ట నుసి కొబ్బరినూనెలో కలిపి పట్టు వేశారు. ఓడలో మన కాకినాడ కలాసీ ఒకడున్నాడు..." అంటూ లేచి, కథకి చుట్ట కావాలి గనక గాలికి చాటు వెతుక్కుంటూ గట్టు అంచుకి వెళ్ళారు.

ఆ రోజు పసిఫిక్ గాలి ఎలా ఉందంటే మా అమ్మాయి టోపీ రెండుసార్లు రోడ్డు దాటి వచ్చింది. మామగారు నాలుగు అగ్గిపుల్లలు వృథా చేసి అయిదోదానితో వెలిగించారు. మేము ఐస్‌క్రీం కొనే పనిలో ఉన్నాం. ఇంతలో మా అమ్మాయి పక్కన ఆడుకుంటున్న ఒక కివీ కుర్రవాడు, ఆ తాత నిప్పు మింగుతున్నాడని కేకపెట్టాడు.

తిరిగి చూశాం. మామగారు మాకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నారు. చుట్ట వెలిగిన కొస నోట్లో ఉంది, ఆరిన కొస బయట ఉంది.

దీన్ని మనవైపు అడ్డపొగ అంటారు. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల తీరంలో ఆడవాళ్ళలో ఎక్కువ. గాలికి ఆరదు, తడవదు, నుసి పడదు, చుట్ట చాలాసేపు వస్తుంది. మేము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివే రోజుల్లో కింగ్ జార్జి ఆస్పత్రి ఓ.పీ.లో ముసలమ్మలు నోరు తెరిచి అంగిలి చూపించేవారు. మిగతా లోకంలో గట్టి అంగిలికి కాన్సరు రావడం అరుదు. మన తీరంలో అలా కాదు. అడ్డపొగ వల్ల అంగిలికి కాన్సరు వస్తోందని 1957లోనే మన విశాఖ డాక్టర్లు రాసి అచ్చువేశారు. ఆ పేరా మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. రాచకురుపు అనే మాట మన పల్లెల్లో కార్బంకుల్‌కీ వాడతారు, కాన్సరుకీ వాడతారు. పది నిమిషాల క్రితం ఆ మాట నోటపెట్టి నవ్వినవాళ్ళం, అక్కడ ఐస్‌క్రీం పట్టుకుని నిలబడిపోయాం.

మామగారు తిరిగి చూసి, మమ్మల్ని చూసి, చుట్ట మామూలుగా తిప్పి పెట్టుకున్నారు. తప్పు చేసిన పిల్లవాడి మొహం.

"ఎన్నాళ్ళ నించి?" అని అడిగింది మా శ్రీమతి.

"పడవ మీద వెళ్ళేప్పుడమ్మా, గాలికి. చిన్నప్పటి నించీని. ఇంటిదగ్గర చెయ్యను" అన్నారు. తరవాత మా వైపు తిరిగి, "తొమ్మిదే ఇచ్చారు గదండీ. ఇలాగైతే ఒకటి రెండు రోజులు వస్తుంది" అన్నారు. త్రాసు నవ్వకపోవడం అంటే ఇదన్నమాట.

అప్పుడు అన్నీ ఒకదాని తరవాత ఒకటి గుర్తుకు రావడం మొదలయ్యాయి. వచ్చినప్పటి నించీ ఆయన ఆవకాయ ముట్టలేదు. అరగడం లేదన్నారు. కాఫీ చల్లార్చుకుని తాగుతున్నారు. ఇక్కడి చలికి వేడిగా తాగలేకపోతున్నానన్నారు. ఆ మాటలో అర్థం లేదని మాకు తట్టలేదు. ఆయన కథలకి నవ్వుతూ ఆ నోటివైపే చూస్తున్నాం, ఒక్కనాడూ లోపల చూడలేదు. అల్లుడు మామగారిని నోరు తెరవమని అడగడం మన ఇళ్ళలో ఎంత కష్టమో చదువరులకు తెలుసు. అది సాకు మాత్రమే.

మోటెల్ గదిలో, ఫోను దీపం వెలుతురులో, మంచం అంచున కూచోబెట్టి చూశాం. అంగిలి అంతా తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. ఆ మేరకు మేము ఊహించిందే. ఎడమవైపు వెనగ్గా చిటికెనవేలి గోరంత పుండు ఒకటి కూడా ఉంది. వేలితో తాకితే అంచు గట్టిగా తగిలింది.

"నొప్పి ఉందాండి?"

"లేదండి. ఉంటే మీకు చెప్పనాండి?" అన్నారు. ఆ తరవాత కాసేపటికి, "సంక్రాంతి నించి ఉందండి" అన్నారు. తొమ్మిది నెలలు. డాక్టరు అల్లుడికి చెప్పకుండా ఎలా దాచారంటే, డాక్టరు గనకే దాచారు. మనవరాలిని చూసి వెళ్ళేదాకా ఎవరూ ఏమీ అనకూడదని ఆయన కోరిక. అత్తగారికి కూడా తెలియదు. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి తాటాకు బుట్టలో మిగిలిన మూడు చుట్టలు తీసి తన హేండుబాగులో పెట్టుకున్నారు.

రాత్రి నిద్రపట్టక మేము గులకరాళ్ళ చప్పుడు వింటూ ఫ్రాయిడ్ గారిని తలుచుకున్నాం. చుట్ట ఒక్కోసారి ఉత్త చుట్టే అని ఆయన అన్నాడని లోకమంతా చెప్పుకుంటుంది. ఆయన అన్నట్టు ఆధారం లేదు, ఆయన పోయిన చాలా ఏళ్ళకి పుట్టిన మాట. ఆధారం ఉన్న సంగతి వేరు. రోజుకి ఇరవై చుట్టలు కాల్చే ఆయనకి 1923లో అంగిలి, దవడల మీద కాన్సరు కనిపించింది. 1939లో పోయేలోగా ముప్ఫైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. అంగిలి తీసేసి కట్టుడు దవడ పెట్టారు. అది పెట్టుకుని కూడా చుట్ట మానలేదు. ఈ కథ ఎవరూ నవ్వుతూ చెప్పుకోరు. మామగారికి పొద్దున్న ఇదంతా చెప్పాం. చెప్పకుండా ఉండవలసిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం. ఆయన అంతా విని, "మనసు డాక్టరుగారికే మనసు అదుపులో లేకపోతే, నాదేముందండి" అన్నారు.

మూడో రోజు చూడవలసినవేవీ చూడలేదు. ద్రాక్షతోటలు, సముద్రపు పక్షుల కొండ ఎవరైనా చూసినవాళ్ళు రాస్తే బాగుంటుంది. తిరుగుప్రయాణంలో 320 కిలోమీటర్లూ కారులో ఒక్క కథ లేదు. డానివర్క్ దగ్గర మా అమ్మాయి, "తాతయ్యా, చర్చిల్ వంటవాడి పేరేంటి?" అని అడిగింది. ఆయన కిటికీలోంచి చూస్తూ, "గుర్తులేదమ్మా" అన్నారు. అంతకంటె భయం వేసిన మాట ఆ మూడు రోజుల్లో మేము వినలేదు.

వెల్లింగ్టన్‌లో మాకు తెలిసిన ఒక నోటి శస్త్రవైద్యుడు చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇక్కడి సర్కారు వైద్యం రాదు గనక ఖర్చు మాదే. ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మా శ్రీమతి వంటింట్లో గిన్నెలన్నీ రెండోసారి తోమింది. మేము ఇలాంటి ఫలితాల కోసం ఎదురుచూసే ఇళ్ళకి ఫోను చేసి, "ఇంకా రాలేదండి, వచ్చాక చెబుతాం" అని ఎన్నిసార్లు తేలిగ్గా అన్నామో లెక్క లేదు.

కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి గాని ఇంకా కాన్సరు దాకా పోలేదని వచ్చింది. పుండునీ చుట్టూ ఉన్న చర్మాన్నీ పూర్తిగా తీసేశారు. రెండు వారాలు జావ తాగి, మూడోవారం ఒక ముద్ద ఆవకాయన్నం తిని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కారం వల్లనని ఆయనన్నారు. ఆ సాయంత్రం మా అమ్మాయికి చర్చిల్ వంటవాడి పేరు గుర్తుకొచ్చింది. వీర్రాజట.

జనవరిలో వాళ్ళు తిరిగి వెళ్ళారు. మూడు నెలలకోసారి కాకినాడలో నోరు చూపించుకోవాలి. చుట్ట మానేశారని ఆయన, మానేశారని అత్తగారు, మానేసినట్టే ఉన్నారని మా బావమరిది ఫోనులో చెబుతుంటారు. ముగ్గురిలో మాకు నమ్మకం అత్తగారి మీద. ఆవిడ హేండుబాగులో ఆ మూడు చుట్టలూ ఇంకా ఉన్నాయట. ఊళ్ళో రావిచెట్టు కింద మాత్రం కథ మారిపోయిందని బావమరిది చెప్పాడు. మార్క్ ట్వేన్ రాచకురుపుతో పడుకున్న మంచం మీదే మామగారిని పడుకోబెట్టి ఆపరేషను చేశారట. చేసింది మేమట, చేసినంతసేపూ బయట భూకంపమట. విన్నవాళ్ళలో ఇద్దరు ఆ తరవాత చెప్పకుండా కాకినాడ వెళ్ళి నోరు చూపించుకుని వచ్చారట. ఇదెంత నిజమో ఆయన కథలకి వర్తించే సూత్రం ప్రకారం చదువరులే చూసుకోవాలి.

ప్రతి నెలా ఒకటో తారీకున మాకొక ఫోటో వస్తుంది. బావమరిది దీపం వేసి తీసే అంగిలి ఫోటో. మొన్నటిదానిలో తెలుపు బాగా తగ్గింది, కోసిన చోట చర్మం గులాబీరంగులో ఉంది. తెరిచిన నోటి పక్కన రెండు వేళ్ళు కూడా పడ్డాయి. విజయమంటున్నారో, వీర్రాజుని కేకేస్తున్నారో, ఆదివారం ఫోను చేసి కనుక్కోవాలి.